పొరుగింటికి గిన్నె పంపడం మానేయాలా?

ప్రకాశం జిల్లాలోని ఒక పట్టణం నుంచి 48 ఏళ్ల ఉపాధ్యాయురాలు ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరు గానీ ఊరు గానీ బయటపెట్టవద్దని కోరారు. ఆమె బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవారు. సంఘంలోని స్త్రీల సమాజానికి కోశాధికారి. భర్త ఆర్టీసీ డిపోలో పనిచేస్తారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో మంచానికీ కుర్చీకీ పరిమితమైన అత్తగారు ఉన్నారు. గోడకు అవతలి ఇంట్లో 74 ఏళ్ల పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. వీధిలో అందరూ ఆమెను మామ్మగారు అంటారు. ఆచారం గల కుటుంబం. తపాలా శాఖలో పనిచేసిన ఆమె భర్త బతికున్న రోజుల్లో ఆ ఇంటివారు ఈ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదట. ఆయన పోయిన కొన్నాళ్లకు మామ్మగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. కొడుకు అమెరికా నుంచి వచ్చి శస్త్రచికిత్స చేయించి, ఒక పనిమనిషిని కుదిర్చి, వరండాలో కెమెరా పెట్టించి వెళ్లారు.

పనిమనిషి రాని ఒక ఉదయం మన పాఠకురాలు రాగి జావ కాచి పట్టుకెళ్లడంతో ఇదంతా మొదలైంది. క్రమంగా మంచినీళ్ల క్యాను లోపల పెట్టడం, వారానికి సరిపడా మాత్రలను పూటల వారీగా డబ్బాలో సర్దడం, గ్యాసు బుక్ చేయడం, నవంబరు వస్తే కుటుంబ పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించడం వరకు వచ్చింది. తమ ఇంట్లో మాంసం వండుతారు కాబట్టి మామ్మగారి కోసం రెండు స్టీలు గిన్నెలు విడిగా ఉంచారు. మామ్మగారు ఆ గిన్నెలను ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. కరివేపాకో, నాలుగు నిమ్మకాయలో, మాగాయ ముక్కలో వేసి ఇస్తే, 'ఇవన్నీ ఎందుకండీ' అని పాఠకురాలు అక్కడే పెట్టేసి వచ్చేవారు. ఏడాదిన్నర ఇలా సాగింది. దసరాకు కొడుకు ఫోను చేసి, 'మీరున్నారన్న ధైర్యంతోనే నేనిక్కడ నిద్రపోతున్నానండీ' అన్నారు.

కిందటి డిసెంబరుతో అంతా మారింది. మామ్మగారికి జ్వరం తీవ్రంగా వచ్చిన ఒక రాత్రి పాఠకురాలు ఆమె తల మీద చెయ్యి పెట్టి బిగ్గరగా ప్రార్థన చేశారు. సెమీ క్రిస్మస్ నాడు స్త్రీల సమాజం సభ్యులు కేకుతో, దుప్పటితో ఆ ఇంటికి వెళ్లి, మామ్మగారి చేతిలో దుప్పటి పెట్టి ఫొటో తీసి, 'దిక్కులేని వృద్ధురాలికి దుప్పటి పంపిణీ' అని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొత్త సంవత్సరానికి బైబిలు వాక్యాల క్యాలెండరు ఒకటి తీసుకెళ్లి పాఠకురాలే ఆ ఇంటి హాల్లో మేకుకు తగిలించారు. ఫొటో ఎవరి ద్వారానో అమెరికా చేరింది. కొడుకు ఫోను చేసి, 'మా అమ్మకు అన్నం పెట్టేది మతం మార్చడానికా?' అని అడిగి, ఇకపై ఇంటికి రావద్దన్నారు. ఆనాటి నుంచి ఆమె వెళ్లడం లేదు. మరోవైపు సమాజం అధ్యక్షురాలు, 'ఏడాదిన్నర అన్నం పెట్టి ఒక్క ఆత్మనైనా ప్రభువు దగ్గరకు నడిపించలేదు. సువార్త చెప్పని సేవ దేనికమ్మా?' అన్నారు. అత్తగారేమో, 'నా మోకాళ్లకు నూనె రాసే తీరిక ఉండదు గానీ ఊళ్లోవాళ్ల మాత్రలు సర్దడానికి ఉంటుంది' అంటున్నారు. భర్త గొడవలు వద్దంటారు. 'నేను చేసింది ప్రేమా, ఎరా? నాకే అనుమానం వస్తోంది. పూర్తిగా మానేయాలా? కెమెరా కంట పడకుండా పెరటి గుమ్మం నుంచి వెళ్లాలా? సువార్త చెప్పనందుకు నేను దోషినా?' అని ఆమె అడుగుతున్నారు.

సోదరీ, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదట ఒక సంగతి గమనించమని కోరుతున్నాను. మామ్మగారి అబ్బాయికి మీ రాగి జావ మీద అభ్యంతరం ఉంటే, అది ఏడాదిన్నర క్రితమే వచ్చి ఉండేది. అదే కెమెరా ముందు నుంచి మీరు ప్రతిరోజూ గిన్నెతో లోపలికి వెళ్లారు. మీరు క్రైస్తవులని ఆయనకు చిన్ననాటి నుంచి తెలుసు. తెలిసే దసరా నాడు కృతజ్ఞత చెప్పారు. కాబట్టి మీరు చేసిన పనిని గానీ, మీరు ఎవరన్న దాన్ని గానీ ఆయన అనుమానించలేదు. డిసెంబరులో జరిగిన మూడు సంగతులు ఆయనకు అంతకుముందు జరిగిన అన్నింటికీ వేరే అర్థం చెప్పాయి. ఆ మూడింటి బరువు ఒకటి కాదు. మీరు వాటిని కలిపి మోస్తున్నారు కాబట్టి అంత భారంగా ఉంది.

జ్వరం వచ్చిన రాత్రి మీరు చేసిన ప్రార్థనను నేను తప్పు పట్టను. భయపడ్డారు, మీకు తెలిసిన ఒకే ఒక ఆధారాన్ని ఆశ్రయించారు. అయితే మీ ఇంట్లో, మీ మంచం దగ్గర మోకరించి ఆమె కోసం ప్రార్థించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒంట్లో బాగాలేక, 'వద్దు' అని చెప్పే ఓపిక కూడా లేని మనిషి తల మీద చెయ్యి పెట్టి బిగ్గరగా ప్రార్థించడానికి ఆమెను అడగాలి. 'మామ్మగారూ, మీ కోసం ప్రార్థన చేసుకోనా?' అన్న ఒక్క ప్రశ్న చాలు. చాలామంది పెద్దవాళ్లు, వారు కొలిచే దేవుడు ఎవరైనా, సంతోషంగా సరేనంటారు. వద్దంటే మౌనంగా చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు. యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి ఏమి కోరుతున్నాడో చూసేవారందరికీ తెలుసు, అయినా యేసు 'నేను నీకేమి చేయగోరుచున్నావు' అని అతనినే అడిగారు. అడగడం కూడా ప్రేమలో భాగమే.

క్యాలెండరు చిన్న విషయం. జనవరిలో క్యాలెండర్లు పంచడం మన ఊళ్లలో కిరాణా కొట్టువారు కూడా చేసే పని. చేతికి ఇచ్చి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మీరే మేకుకు తగిలించారు. ఎవరి గోడ మీద ఏముండాలన్నది ఆ గోడ గలవారి ఇష్టం. అంతకుమించి దీని గురించి బాధపడనవసరం లేదు.

ఫొటో మాత్రం నిజంగా గాయపరిచిన పని. దాన్ని తీసింది మీరు కాకపోవచ్చు. కానీ సమాజాన్ని ఆ గుమ్మంలోకి తీసుకెళ్లింది మీ పరిచయమే. మామ్మగారు కుటుంబ పింఛను అందుకుంటున్న మనిషి. ఆమెకు దుప్పటి కొనుక్కునే స్తోమత ఉంది, కొడుకు ఉన్నాడు, సొంత ఇల్లు ఉంది. ఆమెకు లేనిది పొద్దున పూట ఒక మనిషి మాత్రమే. ఆ మనిషిగా మీరు వెళ్లినంత కాలం ఆమె పొరుగింటి పెద్దావిడ. దుప్పటి చేతిలో పెట్టి ఫొటో తీసిన క్షణం నుంచి దిక్కులేని వృద్ధురాలు. ఆ మాట చదివిన కొడుకుకు మతం సంగతి తర్వాత, ముందు అవమానం తగిలి ఉంటుంది. అమ్మను దిక్కులేనిదాన్ని చేసి వదిలేశావని ఊరంతా తనను వేలెత్తి చూపినట్టు అనిపించి ఉంటుంది. దూరంగా ఉన్న బిడ్డలకు ఆ నింద ఎలాగూ లోలోపల ఉంటుంది. మీ స్త్రీల సమాజం దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన తెలుగు సంఘాల్లో తరతరాలుగా 'పిడికెడు బియ్యం' అనే ఆచారం ఉంది. ఎసరు పెట్టే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా ఉంచి, ఆదివారం గుడికి తెచ్చి అందరివాటితో కలిపేస్తుంది. ఏ పిడికెడు ఎవరిదో ఎవరికీ తెలియదు. తానే అరకొరగా తినే ఇల్లాలు కూడా ఇవ్వగలిగింది, ఇచ్చినా పేరు రానిది. ధర్మము చేయునప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటను మన ముత్తవ్వలు ఏ వేదాంతమూ చదవకుండా ఆచరించిన తీరు అది. అలాంటి సంఘాల్లో ఇవాళ కేజీ బియ్యం ఇచ్చినా, దుప్పటి ఇచ్చినా బ్యానరు కట్టి ఫొటో తీయడం అలవాటైపోయింది. పుచ్చుకునే వారి ముఖం ఆ ఫొటోల్లో ఎలా ఉంటుందో మీ సమాజం సభ్యులను ఒక్కసారి నిదానంగా చూడమనండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను: అది ప్రేమా, ఎరా? మీ ఉత్తరంలో దీనికి జవాబు ఉంది గానీ, మీరు దాన్ని వేరే సందర్భంలో రాశారు. భర్త బతికున్న రోజుల్లో మీ ఇంటి నీళ్లు ముట్టని మనిషి, మీ ఇంట్లో కాచిన జావ తాగారు. దీన్ని మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. డెబ్బై ఏళ్ల పాటు ఒంట్లో ఇంకిన ఆచారాన్ని పక్కన పెట్టి, మీ గిన్నెను నోటి దాకా తీసుకెళ్లడానికి ఆమె ఎంత దూరం నడిచి ఉంటారో ఆలోచించండి. మీరు గోడ చుట్టూ తిరిగి ఒక ఇంటి దూరం నడిచారు. ఆమె నడిచింది అంతకంటే ఎక్కువ. ఆకలో, అవసరమో ఆమెను నెట్టి ఉండవచ్చు. ఆకలి ఉన్నా పట్టుదల వదలని మనుషులను మీరూ నేనూ చూశాం. ఆమె వదిలారు. అందువల్ల ఈ ఏడాదిన్నరలో ఇచ్చింది మీరొక్కరే అనుకోవడం సరికాదు.

యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో సుఖారు ఊరి బావి దగ్గర యేసుకూ ఒక సమరయ స్త్రీకీ జరిగిన సంభాషణ మీకు కంఠోపాఠమై ఉంటుంది. అందులో యేసు మొదటి మాట 'నాకు దాహమునకిమ్ము' అన్నది. ఇవ్వగలిగినవాడు ముందుగా అడిగాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయని రోజుల్లో, ఆ స్త్రీ చేతి కుండలోని నీళ్లు తాగడానికి సిద్ధపడ్డాడు. ఆమె మొదట ఆశ్చర్యపోయింది కూడా దానికే. తర్వాత వచ్చిన జీవజలం మాటల మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఈ అడగడం మీద ఎక్కువ వినలేదని నా అభిప్రాయం.

మామ్మగారు మీ గిన్నెలో మాగాయ ముక్కలు వేసి ఇచ్చినప్పుడు మీరు వద్దన్నారు. మర్యాదకే అన్నారు, ఆమెకు భారం కాకూడదనే అన్నారు. కానీ మన ఇళ్లలో ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. తిరిగి వచ్చే గిన్నెలో ఏదో ఒకటి ఉన్నంత కాలం అది సాటి మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం. అది ఆగిపోతే ఒకరు దాత, మరొకరు యాచకురాలు. దుప్పటి ఫొటో ఒక్కరోజులో చేసిన పనిని, ఆ నిమ్మకాయలను వద్దన్న ప్రతిసారీ మీకు తెలియకుండానే మీరూ కొంచెం కొంచెంగా చేశారు. మళ్లీ వెళ్లే వీలు దొరికితే ముందుగా మార్చుకోవలసింది ఇదే. ఆమె ఇచ్చింది తీసుకోండి. మాగాయ ఎలా పెట్టాలో అడగండి. మీ పాఠశాల పిల్లలకు చెప్పడానికి పద్యాలు ఆమెకు నోటికి వచ్చేమో అడగండి. ఎర వేసినవాడు చేప దగ్గర నుంచి ఏదీ నేర్చుకోడు. మీరు ఆమె నుంచి పుచ్చుకోగలిగితే, మీది ప్రేమా ఎరా అన్న సందేహం మీకే మిగలదు.

అధ్యక్షురాలి ప్రశ్నను నేను తేలికగా తీసుకోవడం లేదు. ఆమె మనసులో ఉన్నది పట్టుదలే తప్ప చెడ్డతనం కాదు. తాను నమ్మిన మంచిమాట మరొకరికి అందాలన్న ఆరాటం మన విశ్వాసంలో ఉన్నదే. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడానికీ ప్రచారం చేయడానికీ అందరికీ హక్కు ఇచ్చిన మాటా నిజమే, అయితే జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్నవారు హక్కుల లెక్క చూసుకోరు. ఆమెకు మీరు చెప్పదగిన జవాబు మొదటి పేతురు పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. మనలో ఉన్న నిరీక్షణను గూర్చి హేతువు అడిగే ప్రతివానికి సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని అక్కడ ఉంది. అడిగేవానికి అన్నారు. మామ్మగారు ఏదో ఒక రోజు 'ఎందుకమ్మా నీకు నా మీద ఇంత ఇది?' అని అడిగితే, అప్పుడు దాచవలసిన పనీ లేదు, సాగదీయవలసిన పనీ లేదు. మీకు తెలిసిన నిజం రెండు మాటల్లో చెప్పండి. ఎన్నడూ అడగకపోతే మీ జావ వృథా కాదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, వెనక్కి వచ్చింది ఒక్కడే. తిరిగి రాని తొమ్మండుగురు ఎక్కడని యేసు అడిగారు గానీ, వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

మీ జిల్లా సంగతే మీ అధ్యక్షురాలికి గుర్తుచేయవచ్చు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పనిని ప్రభుత్వం నుంచి గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవారు ఎందరో ఉన్నారు. కరువు సాయం అందుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని, పుచ్చుకునే చెయ్యి మీద ఏ ఒత్తిడీ ఉండకూడదని ఆయన జాగ్రత్త. సాయం ముగిసిన తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో తరచుగా చెప్పుకుంటాం. ఆ సంఖ్యకు ముందున్న ఎదురుచూపును అంత తరచుగా చెప్పుకోం. వచ్చినవారి మనసుల్లో ఏముందో ఇవాళ ఎవరం తూచలేం; కానీ అన్నాన్నీ బాప్తిస్మాన్నీ ఒకే చేత్తో ఇవ్వకూడదని మీ ప్రాంతపు పెద్దమిషనరీయే అనుకున్నారన్నది, జావ గిన్నెతో పాటు సువార్త చెప్పలేదని మిమ్మల్ని నిలదీసేవారు తెలుసుకోదగిన విషయం. ఆత్మల లెక్క అడిగితే కోశాధికారిగా మీ దగ్గర ఉన్నది కానుకల పద్దు మాత్రమేనని నవ్వుతూ చెప్పండి.

ఇక ఏం చేయాలన్న దానికి దారులు ఉన్నాయి. ఏది ఎంచుకున్నా దాని వెనుక వచ్చేది కూడా ముందే చూసుకోవాలి.

పూర్తిగా మానేస్తే గొడవ ఆగుతుంది, మీ వారికి నిమ్మళం. కానీ కొడుకు అనుమానం నిజమన్నట్టుగా మీ మౌనమే సాక్ష్యం చెబుతుంది. నిన్నటి దాకా రోజూ వచ్చిన మనిషి చెప్పకుండా రావడం మానేస్తే మామ్మగారు తననే తప్పు పట్టుకుంటారు. ఫోనులో కొడుకు ఏమన్నాడో ఆమెకు తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు. కాబట్టి మానేయాలనే నిర్ణయానికి వచ్చినా, ఒక్కసారి ఎదురుపడి కారణం చెప్పి మానేయండి.

పెరటి గుమ్మం దారి వద్దు. ఇది ఒక్కటి గట్టిగానే చెబుతున్నాను. మీరు ఏమీ దాచని రోజుల్లోనే అనుమానం పుట్టింది. దాచినప్పుడు దొరికితే ఇక ఎవరూ ఏ మాటా నమ్మరు. అంతకంటే ముఖ్యంగా, కొడుకుకు తెలియకుండా ఒక పని చేసే భారాన్ని మీరు మామ్మగారి మీద కూడా పెట్టినవారవుతారు. ఆమె రోజూ వీడియో కాల్‌లో ఆయనతో మాట్లాడతారు. 'ఇవాళ ఏం తిన్నావమ్మా' అన్న ప్రశ్నకు ఆమె అబద్ధం చెప్పవలసి వస్తుంది.

మిగిలింది నేరుగా మాట్లాడటం. దీనిలోనూ ఎవరితో ముందు అన్నది ముఖ్యం. చాలామంది కొడుకుతోనే మొదలుపెడతారు, ఎందుకంటే అభ్యంతరం చెప్పింది ఆయన. నా ఆలోచన వేరు. జారిపడినా, వాకరు పట్టుకుని నడుస్తున్నా, మామ్మగారు తన మంచిచెడ్డలు తెలిసిన మనిషి. ఎవరు తన గుమ్మం తొక్కాలో చెప్పవలసింది ఆమె. గేటు దగ్గర నిలబడి అయినా సరే, ముందు ఆమెకు జరిగింది చెప్పండి. ప్రార్థనకు అడగనందుకూ, క్యాలెండరుకూ, ఫొటోకూ క్షమించమని అడగండి. 'నేను రావడం మీకు ఇష్టమేనా? అబ్బాయితో నన్ను మాట్లాడమంటారా, మీరే చెబుతారా?' అని అడగండి. ఆమె 'వాడి మనసు ఎందుకు కష్టపెట్టడం, వద్దులేమ్మా' అంటే అది ఆమె నిర్ణయం. కొడుకును కాదనుకుని మిమ్మల్ని ఎంచుకోవాలని ఆశించడం న్యాయం కాదు. 'నువ్వు రావాలి' అంటే, అప్పుడు కొడుకుతో మాట్లాడటానికి మీకు ఒక నిలకడ ఉంటుంది.

ఆయనతో మాట్లాడేటప్పుడు, చేసిన సేవ మొత్తం ఏకరువు పెట్టకండి. అది నిజమే అయినా లెక్క చూపినట్టు ఉంటుంది. జరిగిన మూడు పొరపాట్లను పేరు పెట్టి ఒప్పుకోండి, ఫొటో తీసేయించే బాధ్యత మీదని చెప్పండి, ఇకపై మామ్మగారు అడగనిదే ఆ ఇంట్లో ప్రార్థన గానీ మత సంబంధమైన వస్తువు గానీ ఉండదని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోగలరా అని ముందే ఆలోచించుకోండి. సమాజం మళ్లీ ఒత్తిడి చేస్తే తడబడేలా ఉంటే ఆ మాట ఇవ్వకండి. ఆయన మెత్తబడితే మంచిది. మెత్తబడకపోతే, వాదించకండి. మీ ఫోను నంబరు పనిమనిషి దగ్గర ఉంచమని, రాత్రివేళ ఏదైనా అయితే 108కి ఫోను చేయగానే మీ ఇంటి తలుపు కూడా తట్టమని మాత్రం అడగండి. పింఛను లైఫ్ సర్టిఫికెట్ కోసం మీ మీద ఆధారపడనవసరం లేకుండా, నవంబరులో పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి వేలిముద్రతో ఆ పని చేసి వెళ్లే సదుపాయం తపాలా శాఖలో ఉందని ఆయనకు చెప్పండి. మీరు లేకుండా కూడా మామ్మగారి రోజులు సాఫీగా గడవాలని మీరు కోరుకుంటున్నట్టు ఆయనకు అర్థమయ్యేది ఇలాంటి మాటల వల్లనే.

అత్తగారి మాటలో ఉక్రోషం ఉంది, కానీ అందులో నిజం కూడా కొంత ఉందేమో చూసుకోండి. పొరుగింటివారు కృతజ్ఞత చెబుతారు, ఇంట్లోవారు చెప్పరు. అందువల్ల మనకు తెలియకుండానే కాళ్లు పక్కింటి వైపు నడుస్తాయి. స్వకీయులను సంరక్షించని వాడి గురించి తిమోతికి రాసిన పత్రికలో చాలా కఠినమైన మాట ఉంది. రోజూ పడుకోబోయే ముందు పది నిమిషాలు ఆమె మోకాళ్లకు నూనె రాసి, ఆ పది నిమిషాలూ ఫోను పక్కన పెట్టి ఆమె చెప్పేది వినండి. యేసు చెప్పిన కథలో, దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఆదుకున్న సమరయుడు కూడా ఆ రాత్రి ఉండి, మర్నాడు పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి, మళ్లీ వస్తానని చెప్పి తన ప్రయాణం తాను సాగించాడు. దేనారం ఆనాటి కూలివాడికి ఒక రోజు కూలి. తాను చేయగలిగింది చేసి, మిగిలింది మరొకరికి అప్పగించాడు. ఆ గాయపడినవాడి జీవితమంతటికీ తానే పూచీ పడలేదు. మీరు మళ్లీ వెళ్లే పరిస్థితి వచ్చినా అన్ని పనులూ మీవి కానక్కరలేదు. నీళ్ల క్యానును ఎదురింటి కుర్రాడు లోపల పెట్టగలడు. మాత్రలను పనిమనిషికి రంగులూ పూటలూ గుర్తు పెట్టి నేర్పవచ్చు. మీకు మిగిలేది వారంలో కొన్ని ఉదయాలు, ఒక గిన్నె జావ, పది నిమిషాల మాట. దానికి అత్తగారి కోపమూ తగ్గుతుంది. ఆమెతో మామ్మగారికి ఫోనులో మాట్లాడించి చూడండి. మోకాళ్ల నొప్పుల గురించి, కోడళ్ల గురించి ఇద్దరూ మీకంటే బాగా మాట్లాడుకోగలరు.

సమాజం అధ్యక్షురాలితో ఫొటో సంగతి నలుగురి మధ్య కాకుండా ఒంటరిగా మాట్లాడండి. గ్రూపులో నుంచి తీసేయమనండి, కింద రాసిన 'దిక్కులేని' అన్న మాట తప్పని అదే గ్రూపులో ఒక్క వాక్యం రాయమనండి. ఒప్పుకోకపోతే, కొంతకాలం కోశాధికారి పని మరొకరికి అప్పగించి పక్కకు తప్పుకోవడమా, అక్కడే ఉండి వచ్చే డిసెంబరుకు ఫొటోలు లేకుండా పంచుదామని తీర్మానం పెట్టడమా అన్నది మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ గ్రూపులో ఫొటోలు చూసి లోలోపల ఇబ్బంది పడుతున్నవారు మీరొక్కరే అయి ఉండరు.

మామ్మగారి అబ్బాయికి పొడుగాటి మెసేజి పెట్టకండి. రాతలో క్షమాపణ కూడా సంజాయిషీలా ఉంటుంది, పైగా దాన్ని ఎవరికైనా పంపవచ్చు. ఫోను చేయండి. శనివారం ఉదయం మనకు ఎనిమిది గంటలప్పుడు అక్కడ శుక్రవారం సాయంత్రమో రాత్రో అవుతుంది, వారం పని ముగిసి ఉంటుంది. మీ వారిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఫోను మొదట ఆయన చేతికే ఇచ్చి పలకరించమనండి. గొడవలు వద్దన్న మనిషి కాబట్టి ఆ పలకరింపు ఆయనే చక్కగా చేయగలరు.